జిప్పులక్క మింగని సగం

మా వదిన వీధి మొత్తానికీ జిప్పులక్క. తెగిన బ్యాగులు, నోరు మూయని సూట్‌కేసులు, చక్రం ఊడి కుంటుకుంటూ వచ్చే పెట్టెలు బాగుచేసే షాపు ఆవిడది. కింద షాపు, పైన మేముండే గదులు, ఆ పైన పాత సామాను గది. జిప్పు ఎక్కడ చెడిందో వేలితో ఒక్కసారి తడిమి చెప్పేసేది. చెప్పి ఊరుకునే రకం కాదు, తెచ్చిన మనిషికి నాలుగు తగిలించేది. "ఇది బ్యాగనుకున్నావా, బావి అనుకున్నావా? ఉన్నదంతా కుక్కేసి పైనెక్కి కూచుని జిప్పు లాగితే పాపం అదేం చేస్తుంది?" అనేది. జనం ఆ తిట్లు తిని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. మళ్ళీ ఏదో ఒకటి తెంపుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు.

నేను ఆవిడ తమ్ముడి భార్యను. నాకు ముక్కు మీద కోపం, ఆవిడకు నాలుక చివర కోపం. ఒకే వంటగదిలో తిరిగినన్నాళ్ళూ గిన్నెలకు సొట్టలు పడ్డాయే గానీ, మేమిద్దరం ఒక్క పూట కూడా మాటలు మానుకోలేదు. మధ్యలో మా ఆయన ఇద్దరికీ తల ఊపుతూ ఉండేవాడు. షాపులో ఆయన పని చక్రాలు బిగించడం. బాగుచేసిన ప్రతి పెట్టెనూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకసారి లాగి, తల వంచి చక్రాల చప్పుడు వినేవాడు. నచ్చకపోతే మళ్ళీ విప్పేవాడు. "పెళ్ళిచూపుల్లో మాత్రం ఇంత పరీక్ష చెయ్యలేదు వీడు" అని వదిన నా వైపు చూసి నవ్వేది. నేను ఊరుకుంటానా, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆ ఇంట్లో అందరి గుండెలూ ఒకేలా ఆగుతాయి. మా మామగారు మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుని మళ్ళీ లేవలేదు. ఆయన చెల్లెలు బట్టలు ఆరేస్తూ, చేతిలో తడి చొక్కాతో అలాగే ఒరిగిపోయింది. అప్పట్లో అందరూ వాళ్ళ రాత అంతేననుకున్నారు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది వదినే. ఆ ధ్యాసలో పెళ్ళి మాట మర్చిపోయింది, లేదా మర్చిపోయినట్టు నటించింది. అడిగితే "నన్ను చేసుకునేంత ధైర్యవంతుడు ఇంకా పుట్టలేదులే" అనేది. ఇంట్లో గుడ్డు ఒకటే ఉంటే దారంతో సగానికి కోసేదట. నీకు చిన్న సగం వచ్చిందంటే నీకే వచ్చిందని అక్కా తమ్ముడూ పోట్లాడుకునేవాళ్ళట. పెద్దయ్యాక కూడా అంతే. చెప్పులు తప్ప అన్నీ పంచుకున్నారు.

ఒకరోజు మా ఆయన పెట్టె ఎత్తబోయి, ఎత్తలేక దాని మీదే కూలబడ్డాడు. గుండె ఆసుపత్రికి తీసుకెళ్తే ఫొటోలు తీసి, గుండె గోడలు లావెక్కిపోయాయన్నారు. లోపల రక్తం నిండడానికి చోటు తగ్గిపోతోందట. ఇది వంశంలో వచ్చే జబ్బు, ఇంట్లో వాళ్ళందరూ చూపించుకోవాలి అంటే వదిన కూడా చూపించుకుంది. ఆవిడకూ అదే. "చూశావా, ఇది కూడా పంచుకున్నాం" అంది తమ్ముడితో. ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే డాక్టరు ఒక మందుల కంపెనీ సంగతి చెప్పాడు. ఊరి చివర అద్దాల భవనం, అందరం చూసిందే. అందులో రక్తం జబ్బులకు ఒక అంతస్తు, గుండెకు ఒకటి, ఒంట్లో చక్కెరా కొవ్వూ దారి తప్పే జబ్బులకు ఒకటి ఉన్నాయట. వాళ్ళ రక్తం మందు అప్పటికే బజారులోకి వచ్చింది. షుగరు మందు సగం దూరం వచ్చి చతికిలబడింది. ఈ గుండె మందు మీద కొండంత ఆశ పెట్టుకున్నారు. బిగుసుకున్న గుండె కండను కాస్త వదులు చేసే మాత్ర. జంతువుల మీద చూశారు, కొద్దిమంది మనుషుల మీద చూశారు, ఇప్పుడు చాలామంది మీద చూడాలి.

"సగం మందికి అసలు మందిస్తాం. మిగతా సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఏ సీసాలో ఏముందో మాకూ తెలియదు. అంతా అయ్యాకే బయటపెడతారు" అన్నాడు డాక్టరు.

"బాగుందయ్యా! ఇచ్చేవాడికి తెలియదు, మింగేవాడికి తెలియదు. మరి గుండెకన్నా తెలుస్తుందా?" అంది వదిన.

"అది చూడ్డానికే కదమ్మా ఇదంతా" అన్నాడాయన.

ఇద్దరూ ఒకే రోజు ఆ ట్రయల్లో, అంటే మందు పరీక్షలో, చేరారు. ఎవరి సీసా వాళ్ళకిచ్చి, ఒకరిది ఒకరు ముట్టకూడదని ట్రయల్ నర్సు చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. ఇంటికి రాగానే వదిన ఒక రేకు డబ్బా తుడిచి, రెండు సీసాలూ అందులో బోర్లించి, మూత పెట్టి గలగలా ఊపింది.

"ఇదేం పని వదినా? వేరువేరుగా వేసుకోమన్నారు కదా" అన్నాను.

"ఇద్దరిలో ఒకరికి ఉత్తుత్తిది వచ్చిందనుకో. ఒకరు బతికి, ఒకరు బతక్కపోతే ఏం చేస్తావ్? ఇలా అయితే ఇద్దరికీ చెరి కాస్తా అందుతుంది."

"మందంటే గుడ్డనుకున్నారా, సగం తిన్నా బలమొస్తుందనుకోవడానికి? అటూ ఇటూ కాకుండా పోతే?"

"నీదంతా అపశకునం గోల" అని ఆవిడ, "పోనీలేవే, అక్క చెప్తోందిగా" అని ఆయన. నా మాట చెవిలో వేసుకుంటే కదా. ఇద్దరూ పొద్దున్నే డబ్బాలో చెయ్యి పెట్టి, చేతికొచ్చింది తీసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మింగేవాళ్ళు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మిగిలినవి మళ్ళీ సీసాల్లో సరిగ్గా సర్దేవాళ్ళు. ఎక్కువా తక్కువా లేవని నర్సు మెచ్చుకునేది. రక్తం తీసి కంపెనీకి పంపేవాళ్ళు. అక్కడ దాన్ని చలిపెట్టెలో దాచిపెడతారట, పరీక్ష చెయ్యడం ఆఖర్నట.

మొదట్లో ఇద్దరికీ కాస్త నయమనిపించింది. మెట్ల మధ్యలో ఆగినా, పైకి చేరేవాళ్ళు. వదిన నన్ను చూసి కళ్ళెగరేసేది, చూశావా అన్నట్టు. నేను కూడా, నిజం చెప్పాలంటే, నోరు మూసుకుని సంతోషించాను.

ఆయన పొద్దున పూట షాపులోనే పోయాడు. ఒక పెద్ద పెట్టె బోర్లించి చక్రం బిగిస్తూ, పెట్టె మీదికే వాలిపోయాడు. వదిన పక్కనే ఉంది. నిద్రపోతున్నాడనుకుని "లేవరా, ఆ పెట్టె మనిషి వస్తాడు" అని తిట్టిందట. నేను కిందికి వచ్చేసరికి ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. నన్ను చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నర్సు వచ్చి ఆయన సీసా తీసుకుపోయింది. డబ్బా సంగతి వదిన చెప్పలేదు. అప్పట్నుంచి ఆసుపత్రిలో తనకిచ్చే కొత్త సీసాలోవి మాత్రమే వేసుకోవడం మొదలుపెట్టింది. వేసుకుంటూనే ఉంది, ఆయాసం పెరుగుతూనే ఉంది. మెట్లెక్కడం మానేసి షాపులోనే పరుపు వేయించుకుంది. అది తమ్ముడు పోయిన దిగులా, లేక ఆ సీసాలో మందే లేదా? నాకూ ఆవిడకూ ఒకేసారి అదే అనుమానం వచ్చింది. ఇద్దరం పైకి అనలేదు. ఆవిడ సీసాలో ఉన్నది ఉత్తుత్తివైతే, ఇన్నాళ్ళూ డబ్బాలో ఉన్న అసలు మందు మా ఆయనది. ఆయన పూర్తిగా మింగాల్సిన దాన్లో సగం ఆవిడ కడుపులోకి పోయినట్టు. ఒకే పళ్ళెం ముందు కూర్చుని తింటూ ఇద్దరం ఆ సంగతే ఆలోచించేవాళ్ళం.

ఆ తరవాత చప్పుళ్ళు మొదలయ్యాయి. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు, పై సామాను గదిలో పెట్టె లాగినట్టు చక్రాల చప్పుడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళి ఆగేది. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. వెళ్ళి చూస్తే అక్కడ తుప్పు పట్టిన హ్యాండిళ్ళు, విరిగిన పెట్టెలు, దుమ్ము, అంతే. దుమ్ము మీద గీత కూడా లేదు. కిందికి వస్తే వదిన చేతిలో పని ఆపి, తల వంచి, పైకి చెవి పెట్టి ఉండేది.

"విన్నావా? చక్రం సరిగ్గా లేదు. మళ్ళీ విప్పుతాడు" అనేది.

ఒకరోజు నాకు తిక్కరేగింది. మెట్ల దగ్గర నిలబడి పైకి అరిచాను. "వస్తే కిందికి రా! అక్కా కావాలి, పెట్టెలూ కావాలి, పెళ్ళాం ముఖం చూడ్డానికి మాత్రం తీరిక లేదా?" అరిచాక ఏడుపొచ్చింది. చప్పుడు ఆగిపోయింది. అది ఆగినందుకు ఇంకా ఏడ్చాను.

మందు గెలిచింది. టీవీలో కంపెనీ వాళ్ళు తెల్లకోట్లు వేసుకుని చేతులు కలుపుకున్నారు. అసలు మందు పడినవాళ్ళ గుండె నిజంగానే వదులైందట, ఇక అనుమతులొస్తే బజారులోకి తెస్తారట. అదే అంతస్తు నుంచి ఇంకో గుండె మందు, పై అంతస్తు నుంచి కొత్త షుగరు మందు కూడా దారిలో ఉన్నాయన్నారు. వదిన టీవీ కట్టేసింది. ట్రయల్లో ఉన్న అందరికీ ఇకనుంచి అసలు మందే ఇస్తామని నర్సు ఫోన్ చేసి మరీ చెప్పింది. కొత్త సీసా వచ్చింది. ఈ సీసాలో అనుమానం లేదు.

వదినకు కాస్త ఊపిరి వచ్చింది. పరుపు చుట్టి పైకి ఎక్కింది. కానీ కాస్తే. మెట్ల మధ్యలో ఆగడం పోలేదు, పాదాల వాపు తగ్గలేదు. రక్తం చూసిన నర్సు, మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే, వేసుకోక దాచుకుంటానా అని ఎదురు కసిరింది. ఒకరోజు నేను అలమారా సర్దుతుంటే ఆ రేకు డబ్బా కనిపించింది. పారేశారనుకున్నాను. మూత తీస్తే అడుగంతా సగం మాత్రలు. ఒక్కొక్కటీ బ్లేడుతో నీట్‌గా కోసినవి.

డబ్బా తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. "ఏంటిది?"

ఆవిడ కంగారు పడలేదు. కుట్టుమిషన్ ఆపి, "వాడి వాటా" అంది.

"వదినా, ఆయన లేడు."

"నాకు తెలియదా? నా పక్కనే పోయినవాణ్ణి గురించి నువ్వు నాకు చెప్తావా? నేను పూర్తిగా మింగబోతే గొంతులో అడ్డం పడుతోంది. వాడు పక్కన నిలబడి చూస్తాడు. ఏమీ అనడు. అడగడు కూడా. సగం తీసి పెడితే పోతాడు."

ఎదురుగా పట్టపగలు ఎండ పడుతోంది. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. "అలాగైతే మీరు చచ్చిపోతారు" అన్నాను.

"ఎవరి సీసాలో మందుందో చెప్పమను. నాదే అసలుదైతే, నేను వాడికిచ్చానే గానీ వాడిది తినలేదని తెలుస్తుంది. అప్పుడు పూర్తిగా మింగుతాను."

"ఆయనదైతే?"

ఆవిడ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నేనే వెళ్ళి నర్సుకు మొత్తం చెప్పేశాను. డబ్బా, సీసాలు, సగం మాత్రలు, అన్నీ. ఆ పిల్ల ముఖం చూడాలి మీరు. మాకంటే ముందే వాళ్ళ తలలు బద్దలవుతున్నాయట. దాచిన రక్తం పరీక్ష చేస్తే ఇద్దరి రక్తంలోనూ మందుంది. వాళ్ళ లెక్క ప్రకారం ఇద్దరిలో ఒకరికి మందే ఇవ్వలేదు. రక్తం గొట్టాలు మారిపోయాయేమోనని కంపెనీ వాళ్ళు మొదటి నుంచీ అన్నీ తవ్వి చూస్తున్నారట. అక్కా తమ్ముడూ ఒకే డబ్బాలో కలుపుకు తిన్నారని ఏ సైంటిస్టుకు తడుతుంది?

ఆసుపత్రిలో చిన్న గదిలో కూర్చోబెట్టారు. డాక్టరు, నర్సు, కంపెనీ నుంచి వచ్చిన ఒక సైంటిస్టు. ఆవిడ మా వయసుదే, కళ్ళద్దాలు, మెత్తని గొంతు. తెలుసుకోవాలని ఉందా అని వదినను ముందు అడిగింది. వదిన తలూపింది. ఆ ఒక్కమాట మీద వదిన ప్రాణం వేలాడుతోందని నాకు తెలుసు. వదిన పెట్టిన ఆ షరతు మాత్రం వాళ్ళకు చెప్పలేదు. చెప్పొద్దని అరవబోయాను, అంతలోనే చెప్పేసింది.

"మీ తమ్ముడిది అసలు మందు. మీది ఉత్తుత్తిది" అంది ఆవిడ. వెంటనే, "పూర్తిగా వేసుకుంటే బతికేవారని మాత్రం ఎవరూ చెప్పలేరమ్మా. పూర్తిగా వేసుకున్నవాళ్ళలో కూడా పోయినవాళ్ళున్నారు. మందు ఎంత పడితే ఎంత పని చేసిందని చూసే లెక్కలోంచి మీ ఇద్దర్నీ తీసెయ్యాల్సి వచ్చింది" అని కూడా చెప్పింది. ఆ లెక్కలో మా ఆయన లేడన్నమాట. ఉండీ లేకుండా పోయాడు.

వదిన వాళ్ళెవరి వైపూ చూడలేదు. నా వైపు తిరిగింది.

"విన్నావుగా. తిట్టు."

ఉప్పెక్కువైతే తిట్టాను, తువ్వాలు తడిగా ఉంటే తిట్టాను. ఇప్పుడు ఒక్క ముక్క దొరకలేదు.

"తిట్టవే! ఆరోజు నుంచీ చూస్తున్నా, పళ్ళెం పెడతావు, కాళ్ళకు నూనె రాస్తావు, ఒక్క మాటనవు. నువ్వు ఊరుకుంటుంటే నాకు పిచ్చెక్కుతోంది. వాడూ ఏమీ అనడు, నువ్వూ ఏమీ అనవు. ఎవరో ఒకరు అనండి!"

అప్పుడు నాలో ఏదో తెగింది. ఆవిడతో ఎన్నడూ 'మీరు' తప్ప అనని దాన్ని, ఆ రోజు అంతమంది ముందు మర్యాదంతా గాలికి పోయింది.

"తినేశావ్! నా మొగుడి మందు సగం నువ్వే తినేశావ్! నేను వద్దు వద్దంటే ఇద్దరూ కలిసి నవ్వారు. మీ అక్కాతమ్ముళ్ళ మధ్య నేనెవరినట? నీకు సగం ఇచ్చేముందు ఆయన నన్నడిగాడా? ఆ సగంలో నాకు రావాల్సిన రోజులున్నాయే! నా రోజులు! అవి కూడా నువ్వే తిన్నావ్. తిన్నదానివి బతికి చావక, ఇప్పుడు సగం దాచి ఎవరికి పెడుతున్నావ్? పోయినవాడికి మాత్రెందుకు? ఆయన్ని తీసుకుపోయింది చాలక నువ్వు కూడా పోదామనా? పోయి, ఆ ఇంట్లో నన్నొక్కదాన్నీ ఆ చప్పుళ్ళకు వదిలేద్దామనా? నువ్వు చస్తే నేనెవర్ని తిట్టుకోనే!"

డాక్టరు గుడ్లప్పగించి చూస్తున్నాడు. నర్సు తలుపు మూసింది. వదిన కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ, ముఖం మాత్రం ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న పెట్టె దింపిన మనిషి ముఖంలా ఉంది. సంచిలోంచి సీసా తీసి, ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుని, నాకు చూపించి, కోయకుండా నోట్లో వేసుకుంది. ఎంతోసేపు పట్టింది మింగడానికి. పక్కన గోడ వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. అక్కడ ఎవరున్నారని నేను అడగలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున నేనే మాత్ర ఇస్తాను. మింగాక నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. నమ్మకం లేక కాదు, నాకు చూడాలనిపిస్తుంది. ఆవిడ చకచకా మెట్లెక్కి వస్తుంటే ఒక్కోసారి సంతోషం వేస్తుంది. ఒక్కోసారి ఆ అడుగులు వింటుంటే కడుపు రగిలిపోతుంది. ఈ రెండూ ఒకే పూట, ఒకే మనిషి మీద.

మొన్న మాత్ర చేతిలో పెడుతూ ఉన్నమాట చెప్పేశాను. "చూడు, నిన్ను నేను క్షమించలేదు. ఎప్పటికన్నా క్షమిస్తానో లేదో కూడా తెలియదు."

వదిన మాత్ర నాలుక మీద పెట్టుకుని, "క్షమించమని ఎవరడిగారే నిన్ను? ముందు నీళ్ళివ్వు" అంది.

ఇచ్చాను.